గుంట మీద సరుగుడు పుల్ల

1981 ఫిబ్రవరి 14, శనివారం

రాత్రంతా ఎవరికో పురుడు పోసి, తెల్లారగట్ల వచ్చి పడుకుంది పిన్ని. ఈ నర్సు క్వార్టర్లో రెండు గదులు. ఒకదాంట్లో ఈ పల్లెలో సగం మంది పిల్లల్ని భూమ్మీదికి తెచ్చిన మనిషి గురకపెడుతోంది. రెండోదాంట్లో బి.ఎస్సీ. జువాలజీ, ఫస్టు క్లాసు, రెండేళ్ళుగా ఏమీ చెయ్యని మనిషి గోడమీద బల్లిని చూస్తోంది.

ఆరు కాకుండానే చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి. సరుగుడు తోట దాటితే సముద్రం.

ఇసకలో జాడ.

తాబేలు జాడ నాకు కొత్త కాదు. ఈ చలికాలంలోనే అయిదారు చూశాను. మామూలు తాబేలు కుడి చెయ్యీ ఎడమ కాలూ మార్చి మార్చి వేస్తూ మనిషిలా నడుస్తుంది. ఇది అలా లేదు. రెండు చేతులూ ఒక్కసారే ముందుకు వేసి, ఒళ్ళంతా ఈడ్చుకుని, ఆగి, మళ్ళీ రెండు చేతులూ... కుడీ ఎడమా అద్దంలో చూసినట్టు సమానం. పక్కన అడ్డంగా పడుకుని కొలిచాను (చూసేవాళ్ళెవరూ లేరు). నా తల నుంచి తొడ దాకా వచ్చింది.

ఈ వెడల్పులో అలా ఈడ్చుకుపోయేది ఒక్కటే. పచ్చ తాబేలు. అది ఈ తీరానికి రాదని కూడా చదివాను — పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

జాడ చివర మనిషి పడుకునేంత గుంట. అప్పటికే చేపల సత్తెమ్మ అక్కడ ఉంది. గంప పక్కన పెట్టి ఇనపచువ్వతో ఇసకలో పొడిచి చూస్తోంది.

"అడుగెయ్యకండమ్మాయిగారూ! ఇక్కడ మెత్తగా దిగిందండి."

భుజం దాకా చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసింది. తెల్లగా, గుండ్రంగా, పింగ్‌పాంగ్ బంతి కంటే కాస్త పెద్దది. నొక్కితే సొట్టపడే పెంకు. మామూలుగా అయితే గంప నింపుకుపోయేదే — గేదెకి పెడితే పాలు చిక్కబడతాయంటుంది. ఇవాళ మాత్రం గుడ్డుని కళ్ళకద్దుకుంది.

"కోడలు కడుపుతో ఉంది కదండీ. ఇంట్లో కడుపుతో మనిషి ఉండగా తాబేలు గుడ్డు పగలకూడదండి. మనమే కాయాలి, పిల్లలు నీళ్ళలోకి పోయేదాకా."

సరుగుడు పుల్ల గుచ్చి, దానికి పాత వలముక్క కట్టింది. పుల్ల గుచ్చిన గుంట ఈ పల్లెలో ఇంకెవరూ ముట్టుకోరట. కుక్కలకి ఆ సంగతి తెలీదు కాబట్టి మొగలికంప కప్పింది.

నాకు కొన్ని కావాలన్నాను. ఎందుకని అడగలేదు.

"పగలగొట్టరు కదండీ?"

"పగలగొట్టను."

"ఆయ్. అయితే తీసుకోండి."

ఇరవై. కొంగులో మూటగట్టుకుని వచ్చాను. మిగతావి అక్కడే.

సాయంత్రం —

వెదురుబుట్టలో ఆ గుంట ఇసకే పోసి గుడ్లు సర్దాను. అమ్మ కోడిని పొదగేసేటప్పుడు పెట్టినట్టే ఒక మేకు, ఒక బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ. ఉరుములకి గుడ్లు చెడకుండా. నవ్వొచ్చింది. తియ్యలేదు.

పిన్ని లేచి చూసి: "నా రిజిస్టర్లో ఎక్కించమంటావేంటే రూతూ? తల్లి పేరు తాబేలు. తండ్రి పేరు?"

ఫిబ్రవరి 15

కాలేజీలో జువాలజీ చెప్పిన మాస్టారికి ఇన్‌లాండు లెటరు. జాడ బొమ్మ గీసి, ఇది పచ్చ తాబేలేనండీ అని రాసి కింద రెండు గీతలు. పిల్ల బయటికొస్తే తేలిపోతుంది. కళ్ళ మధ్య పొలుసులు ఒక జత ఉంటే పచ్చ తాబేలు, రెండు జతలుంటే మామూలుది.

వాల్తేరులో ఎమ్మెస్సీ సీటు రెండుసార్లు చేతిదాకా వచ్చి పోయింది. ఇది చూపించగలిగితే మాస్టారు అక్కడి ప్రొఫెసరుగారితో మాట్లాడతారు. మాట్లాడతారు కదా? ఇంక రాయను. దిష్టి.

ఫిబ్రవరి 17

గుడ్డు గుడ్డుకీ పెన్సిలుతో ఒకవైపు ఇంటూ, ఇంకోవైపు సున్నా. పొద్దున ఇంటూ పైకి. సాయంత్రం సున్నా పైకి. కాలేజీలో కోడిపిండం ప్రాక్టికల్సప్పుడు ఇంక్యుబేటరు దగ్గర గుడ్లు తిప్పే డ్యూటీ నాదే. "తిప్పకపోతే పిండం పెంకుకి అంటుకుపోతుంది" — మాస్టారు. నా ట్రేలో ఒక్క గుడ్డూ పోలేదు. ఆ సంగతి క్లాసులో అందరి ముందూ చెప్పారు కూడా.

గమనించినది: గుడ్డు పైభాగాన సున్నపుచుక్క లాంటి తెల్లమచ్చ వస్తోంది. రోజుకింత పెద్దదవుతోంది. తిప్పినప్పుడు కిందికి పోతోంది. ఎందుకో? తిప్పుతున్నాననీ మచ్చ సంగతీ రాసి మాస్టారికి ఒక కార్డు పడేశాను.

ఫిబ్రవరి 20

తిప్పాను. తిప్పాను. పిన్ని చేసిన చేపల పులుసు తిన్నాను. ఇదే ఈ రోజు.

ఫిబ్రవరి 24

పచ్చ తాబేలు పచ్చగా ఉండదు. దాని ఒంట్లో కొవ్వు పచ్చన — అందుకే ఆ పేరు. చిన్నప్పుడు దొరికిందల్లా తింటుంది, పెద్దయ్యాక గడ్డి మేస్తుంది, ఆవులాగ. సముద్రం అడుగున, తేటనీళ్ళలో, ఎండ దిగేచోట మొలిచే గడ్డి. ఇక్కడ గోదావరి తెచ్చి పోసే బురదలో అది మొలవదు. అంటే దీని మేత ఎక్కడో, పుట్టుక ఎక్కడో. వందల మైళ్ళు ఈదుకొచ్చి, తను పుట్టిన వైపుకే వచ్చి, ఇసకలో దింపి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. మళ్ళీ రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో, పిల్ల తల్లి కావడానికి ఎన్నేళ్ళో, సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు లేరు.

నేను పుట్టింది రాజోలు. చదివింది అమలాపురం. ఈదిన దూరం అంతా బస్సులో గంటా చిల్లర.

ఇంట్లో ఉంటే అమ్మకీ నాకూ రోజూ ఏదో ఒకటి. "మీ పిన్నికి తోడుగా ఉండు కొన్నాళ్ళు" అని పంపేసింది. పిన్నికి తోడెందుకు? పామొస్తే ఆవిడే చంపుతుంది.

ఫిబ్రవరి 28

తల్లి తాబేలు రెండు వారాలకి ఇంకోసారి గుడ్లు పెట్టడానికి వస్తుందంటారు. నాలుగు రోజులుగా తీరం అటు కొస నుంచి ఇటు కొసకి తిరుగుతున్నాను. మామూలు జాడలు మూడు. నాది లేదు.

"పెళ్ళిచూపులకైనా ఇంత పొద్దున్నే లేచుండరండి తమరు" అంది సత్తెమ్మ, కంప సర్దుతూ. రోజూ ఇద్దరం గుంట దగ్గరే కలుస్తాం. ఆవిడ కంప తీసి చూసి, చేత్తో ఇసక తాకి, మళ్ళీ కప్పేస్తుంది. అంతే. నాకేమో పుల్ల పీకి చూడాలని ఉంటుంది.

మార్చి 5

సత్తెమ్మ కోడలు నాగమణి చూపించుకోవడానికి వచ్చింది. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. పిన్ని లోపల బి.పి. మిషను వెతుకుతుంటే బుట్ట దగ్గర కూచుని చెవి ఆనించింది.

"కదుల్తాయాండీ లోపల?"

"ఇంకా లేదు."

"నాది తెగ తంతాందండీ" అంది, నవ్వుతూ, ఏదో పోటీలో గెలిచినట్టు.

పిన్ని లెక్క ప్రకారం ఏప్రిల్ నెలాఖరు. తాబేలు లెక్క ప్రకారం ఏప్రిల్ రెండో వారం. గోడ మీద కాలెండర్లో రెండు తేదీలకీ సున్నా చుట్టి పెట్టింది పిన్ని — నాగమణిది ఎర్ర సిరా, నా గుడ్లది నీలం.

మార్చి 12

మాస్టారి ఉత్తరం. పరీక్షల పనిలో ఆలస్యమైందట. మూడు వైపులా నిండా రాశారు. రెండు వాక్యాలు తప్ప ఇప్పుడేమీ కనపడ్డం లేదు.

"జాడ బొమ్మ బాగుంది, నమ్మడానికి మాత్రం పిల్ల కావాలి, బొమ్మ చాలదు — ఒకదాన్ని స్పిరిటులో వేసి తీసుకురా, నేనే వాల్తేరు పట్టుకెళ్తాను."

రెండోది: "పెట్టిన కొద్ది గంటలు దాటాక తాబేలు గుడ్డును ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు, అది కోడిగుడ్డు కాదు, పిండం పైపెంకుకు అంటుకునే పెరగాలి, ఆ తెల్లమచ్చ అదే."

పొద్దున ఇంటూ. సాయంత్రం సున్నా. ఇరవై మూడు రోజులు.

ఆ మచ్చని చూశాను. రాసుకున్నాను కూడా. ఎందుకో అని ప్రశ్నార్థకం పెట్టి మరీ తిప్పాను.

సాయంత్రం

ఒకటి కోశాను. పగలగొట్టనని మాటిచ్చాను. కోశాను.

లోపల పెసరగింజంత. కళ్ళ తావులో రెండు నల్లచుక్కలు. ఏ తాబేలో చెప్పడానికి పొలుసులు కూడా రాని వయసు. ఎప్పుడో పోయింది — మొదటి వారంలోనే అయ్యుండాలి. ఆ తర్వాత అన్నాళ్ళూ నేను తిప్పింది శవాల్ని.

మార్చి 13

మిగతా పంతొమ్మిదీ పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాను. పిన్ని చూసింది. మధ్యాహ్నం నా కంచంలో రెండు వేపుడు ముక్కలు ఎక్కువ వేసింది.

సత్తెమ్మకి చెప్పలేదు.

మార్చి 20

సత్తెమ్మ చేపలమ్మడానికి వచ్చింది. బుట్ట వసారాలో బోర్లించి ఉంది. దాని పక్కనే కూచుని చేప తోమింది. బుట్ట సంగతి ఎత్తలేదు. చెబుదామని నోటిదాకా వచ్చింది. "పులస కాలం కాదండి ఇది, ఈ చందువాతో సరిపెట్టుకోండి" అంది. సరిపెట్టుకున్నాను.

మార్చి 21

ఇప్పుడు మిగిలింది ఆ గుంట ఒక్కటే.

మార్చి 29

ఎండ మండుతోంది. గుంట మీద ఇసక కాలుతుంది, వేలు లోపలికి గుచ్చితే చల్లగా తగులుతుంది. ఇంకా లోపల ఎలా ఉందో. ఒక్కసారి చెయ్యి పెట్టి చూస్తే... మోచేతి దాకా పెట్టాను కూడా. సత్తెమ్మ వెనకనుంచి వచ్చింది.

"ఏంటండీ?"

"ఏం లేదు. చీమలేమో అని."

"చీమలు పైనుంటాయండి" అని నా చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, మెల్లిగా పైకి తీసేసింది. చేపను తీసినట్టు.

ఏప్రిల్ 3

నాన్నగారి ఉత్తరం. కె.గంగవరంలో ఒక ఆఫీసులో గుమాస్తా పని. టెంపరరీ. సోమవారం పదమూడో తారీఖు పొద్దున పదింటికల్లా చేరాలి, లేకపోతే లిస్టులో తర్వాతి పేరు. "ఎందరి గుమ్మాలు తొక్కానో నీకు తెలియదు, తెలియనక్కర లేదు కూడా" అని రాశారు. నాన్నగారి అక్షరాలు ఎప్పుడూ బళ్ళో బోర్డు మీద రాసినట్టే ఉంటాయి. చివరి వాక్యం మాత్రం వంకరపోయింది.

పదమూడు. నీలం సున్నా ఎనిమిది నుంచి పదిహేను దాకా చుట్టి ఉంది.

అమ్మ నన్ను రాజోలు నుంచి ఇటు తిప్పింది. నాన్నగారు ఇక్కడినుంచి అటు తిప్పుతున్నారు. పొద్దున ఇంటూ, సాయంత్రం సున్నా... బాగానే ఉంది రాసుకోవడానికి. ఇంటిపట్టున ఉండలేనని గోల చేసింది మాత్రం నేనే.

ఏప్రిల్ 5

ఉగాది అని సత్తెమ్మ గిన్నెడు పచ్చడి పంపింది. ఆదివారం ఆరాధన అయి గుడి నుంచి వచ్చాక పిన్నీ నేనూ తిన్నాం. పిన్నికి ఉత్తరం చూపించాను.

"వెళ్తావా?"

"పచ్చ తాబేలో కాదో తేలకుండానా?"

"తేలితే?"

"వాల్తేరు."

"తేలకపోతే?"

గిన్నె కడగడానికి లేచాను. వెనకనుంచి, వేరే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు: "నన్ను వెల్లూరు ట్రైనింగుకి రమ్మన్నప్పుడు మా నాన్న వద్దన్నాడు. సరే అన్నాను. ఆయన సంతోషంగానే పోయాడు." మంచిదనా, కాదనా? పిన్ని మాటలు సగం దగ్గరే ఆగిపోతాయి.

ఏప్రిల్ 8

యాభై మూడో రోజు. ఏమీ లేదు. స్పిరిటు అడిగితే పిన్ని వెడల్పుమూతి సీసాలో పోసి ఇచ్చింది. "ఒక్క దానికోసం ఇంత సీసానా?" అంది. ఒక్కటే. అన్నిట్లో ఒక్కటి. దాన్ని నేనే ఏరాలి.

మాస్టారు రాసిన ఇంకో సంగతి ఇవాళ మళ్ళీ చదివాను. పిల్లలు ఒక్కొక్కటిగా రావట. లోపల అన్నీ కలిసి పైకప్పు ఇసకని గీకుతాయి, అది కిందికి రాలుతుంది, రాలిన దాని మీదికి ఎక్కుతాయి. మళ్ళీ గీకుతాయి. రెండు మూడు రోజులు అలా. పైన ఉన్నవాళ్ళకి తెలిసేది ఒక్కటే — ఇసక కాస్త పల్లం పడుతుంది. ఇసక చల్లబడే వేళ చూసుకుని బయటికొస్తాయి, చీకట్లో గాని తెల్లవారుజామున గాని.

ఏప్రిల్ 9

మధ్యాహ్నం సత్తెమ్మ పరుగెత్తుకొచ్చింది. నాగమణికి నొప్పులు. ఇంకా మూడు వారాలుంది! పిన్ని సంచీ భుజాన వేసుకుని వెళ్ళింది. వెనకే నేను, వేడినీళ్ళకి, గుడ్డలకి. గుమ్మం బయటే నిలబడిపోయాను. లోపల్నుంచి కేకలు.

నేను జువాలజీ చదివాను. గుడ్డు కొయ్యడానికీ మనిషి నొప్పులకీ సంబంధం లేదని ఎవరికైనా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. మూడు గంటలు ఆ గుమ్మంలో నిలబడి ఒకటే లెక్క — పంతొమ్మిది పాతాను, ఒకటి కోశాను. పంతొమ్మిది పాతాను, ఒకటి కోశాను.

నాలుగింటికి ఆడపిల్ల. చిన్నది. పిడికెడంత మొహం. ఏడవలేదు మొదట. పిన్ని తలకిందులుగా పట్టుకుని వీపు రుద్దింది, నోట్లో వేలు తిప్పింది... ఏడ్చింది.

నేనూ.

ఏప్రిల్ 10

చెప్పేశాను. వాళ్ళింటి బయట, పొయ్యి దగ్గర. తిప్పానని, పోయాయని, ఒకటి కోశానని.

సత్తెమ్మ కర్ర ముందుకి తోసి మంట సరిచేసింది.

"తెలుసండి."

"ఎలా?"

"మీ పెరట్లో కుక్క తవ్వి పోసిందండి. మర్నాడే చూసేను. పెంకులు ఏరి మళ్ళీ పూడ్చేసేను."

నెల్లాళ్ళు! "మరి అడగలేదేం సత్తెమ్మగారూ?"

"అడిగితే మీరు ఇంకోటేదో చేసుండేవారండి. ఊరుకోలేరు కదండీ తమరు." నవ్వింది. తర్వాత నవ్వలేదు. "నిన్న నాలుగింటిదాకా మాత్రం మిమ్మల్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టేనో, ఆ దేవుడికే ఎరుకండి."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. లోపల్నుంచి పిల్ల ఏడుపు, పిల్లి కూతలాగ.

"మాకు పురుడండి. పదకొండు రోజులు సముద్రం కేసి వెళ్ళకూడదు. గుంట ఇంక మీదేనండి." ఆగి, "కెలక్కండేం."

ఏప్రిల్ 11

రేపు పొద్దున ఆరున్నర బస్సు, రోజుకి అదొక్కటే. అమలాపురం, ముక్తేశ్వరం, పంటు మీద గోదావరి దాటి కోటిపల్లి. రాత్రికి కె.గంగవరంలో నాన్నగారి స్నేహితుడి ఇంట్లో. ఎల్లుండి పదింటికి సంతకం. ఆ బస్సు తప్పితే పంటు అందదు, పంటు అందకపోతే అంతే — పిన్ని రెండుసార్లు లెక్కేసి చెప్పింది. పెట్టె సర్దింది. సీసా పెట్టెలో పెట్టలేదు, బల్లమీదే ఉంచింది. నా ఇష్టమన్నట్టు.

ఊళ్ళో పిల్లలు రేపటి మట్టల ఆదివారానికి ఈతమట్టలు కోసుకుపోతున్నారు. పొద్దునా సాయంత్రమూ గుంట చూశాను. సమంగా ఉంది.

ఏప్రిల్ 12, ఆదివారం

అయిదున్నర. గుంట దగ్గర, ఇసకలో కూచుని రాస్తున్నాను. పెట్టె పక్కన. సీసా పక్కన.

కంప తీశాను. పుల్ల పక్కన ఇసక పల్లం పడింది. అరచెయ్యి పట్టేంత. నిన్న సాయంత్రం లేదు.

రాత్రి దక్షిణపు గాలి విపరీతంగా వీచింది. చుట్టూ ఇసక ఊడ్చినట్టుంది — నా నిన్నటి అడుగులు కూడా లేవు. రాత్రే వెళ్ళిపోయాయా? వెళ్ళిపోతే మిగిలే పల్లమూ ఇలాగే ఉంటుంది. చిన్న జాడల్ని గాలి తీసేసి ఉంటుంది. లేకపోతే ఇంకా కిందే ఉన్నాయి, నా కాళ్ళ కింద, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ.

చెయ్యి పెడితే తెలుస్తుంది. పైకెక్కి ఉంటే మోచెయ్యంత లోతు చాలు. ఒక్క నిమిషం.

ఆరు.

వెలుగొచ్చింది. కాకులు రెండు దిగాయి, అక్కడే నడుస్తున్నాయి. ఇసక విసిరాను. పోలేదు. వాటికేమైనా తెలిసిందా?

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. కుడిచెయ్యి రాయడానికి ఉంది. ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని కూచున్నాను.

ఆరూ ఇరవై. పిన్ని తోట చివర నిలబడింది. పిలవడం లేదు. రమ్మని చెయ్యీ ఊపడం లేదు.

హారను. ఈ డ్రైవరు మూడుసార్లు కొడతాడు, తర్వాత ఆగడు.

పల్లం అంచు నుంచి ఇసక గింజలు కొన్ని లోపలికి జారాయి. గాలికా? గాలి ఆగి చాలాసేపైంది.

కాకి ఒకటి దగ్గరికొచ్చింది.

రెండోసారి కొట్టాడు —